నిజము సుమ్ము: సటీకా తాత్పర్యము

అవతారిక

పిల్లల పుస్తకాల్లో ఒక వింత జాతి ఉంది. అందులో కథ ఉండదు, ‘అనగా అనగా’ ఉండదు. లేని జంతువు గురించి, ఉన్న జంతువు గురించి రాసినంత శ్రద్ధగా రాసేస్తారు. అది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఎంత పొడుగు, గుడ్డు ఏ రంగు, ఎదురుపడితే మనమేం చేయాలి, అన్నీ వరసగా ఉంటాయి. పటం ఉంటుంది. పొట్ట కోసి లోపలి సంగతులు చూపించే బొమ్మ ఉంటుంది. కొన్నింట్లో పేజీకి అతికించిన చర్మం ముక్క కూడా ఉంటుంది, తడిమి చూసుకోవచ్చు.

2003లో ఇంగ్లండులో వచ్చిన ‘డ్రాగనాలజీ’ ఈ జాతికి పట్టపుటేనుగు. రాసినవాడు డ్యుగాల్డ్ స్టీర్. కానీ తాను సంపాదకుణ్ణి మాత్రమేననీ, అసలు కర్త పందొమ్మిదో శతాబ్దపు డాక్టర్ ఎర్నెస్ట్ డ్రేక్ అనీ చెప్పుకున్నాడు. ఆ డ్రేక్ గారు ఏ శతాబ్దంలోనూ పుట్టలేదు. అంతకు రెండేళ్ల ముందు హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్ ఇదే పని న్యూట్ స్కమాండర్ అనే పేరు పెట్టుకుని చేసింది. ఇంకా వెనక్కి, 1976లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన గ్నోముల పుస్తకమైతే జానెడైనా లేని ఆ ఎర్రటోపీ మనుషుల ఇల్లు చెట్టు వేళ్ల కింద ఎలా కట్టి ఉంటుందో బొమ్మ గీసి మరీ చూపించింది.

ఈ పుస్తకాల తమ్ముళ్లు, ఆ తమ్ముళ్లకు నకళ్లు, ఇప్పుడు నంద్యాల జిల్లా దాకా నడిచొచ్చాయి. మహానంది తిరునాళ్లలో స్థలపురాణం, కాలజ్ఞానం, పంచాంగం పరిచిన టార్పాలిన్ మీదే ఒక మూల డైనోసారూ డ్రాగనూ ఒకే అట్ట మీద కరుచుకుంటూ కనబడతాయి. శాస్త్రం ఇంతగా విస్తరించాక దానికొక వ్యాఖ్యానం లేకపోవడం భాషకు లోటు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

మూల గ్రంథాలు అనేకం, పైగా దళసరివి. అందుచేత వాటన్నిటి సారం పిండి ఒక ఆటవెలదిగా కట్టుకోవలసి వచ్చింది. మెదకు సీమ కోల్చారం నుంచి వచ్చిన మల్లినాథ సూరి, మూలంలో లేనిది ఒక్క అక్షరం రాయనని ఒట్టు పెట్టుకుని టీకలు రాశాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. మూలం కూడా నాదే. స్టీర్ తన పుస్తకాన్ని లేని పండితుడి నెత్తిన పెట్టాడు, నేను లేని పద్యాన్ని నా నెత్తిన పెట్టుకున్నాను. పాపం రెండు వైపులా సమానం.

మూలము

ఆ. కొండ గుహల నుండు కొమ్ముల మృగమిది
మేక మేత; రెక్క మేని చాటు;
నిడివి యిరువదడుగు; నెత్తుటి దాహమ్ము;
నిజము సుమ్ము, నమ్ము నీవు బాల!

ప్రతిపదార్థము

కొండ గుహలన్ = పర్వతములందలి బిలములయందు; ఉండు = నివసించునట్టి; కొమ్ముల మృగము = శృంగములు గల జంతువు; ఇది = ఎదుటి పేజీలోనిది; మేత = ఆహారము; మేక = అజము; రెక్క = పక్షము; మేని చాటు = శరీరము వెనుకనున్నది (చిత్రకారునికి రెక్క గీయుట రాలేదని కొందఱు); నిడివి = పొడవు; ఇరువది అడుగు = ఇరువది అడుగులు (గణము కొఱకు బహువచనము బలియైనది); నెత్తుటి దాహమ్ము = స్పష్టము; నిజము సుమ్ము = సత్యమే సుమా; నీవు = నీవు; బాల = ఓ బాలుడా; నమ్ము = విశ్వసింపుము.

‘నీవు’ అన్న మాటకు ‘నీవు’ అని అర్థం రాసి, తిరకాసు ఉన్న చోట ‘స్పష్టము’ అని దాటిపోవడం టీకాకారుల కులాచారం. వావిళ్ల వారి పుస్తకాలతో చదువుకున్న వారెవరికీ ఇది కొత్త కాదు.

తాత్పర్యము

ఓ బాలుడా! కొండ గుహలలో వసించునదియు, మేకలను భక్షించునదియు, రెక్కలు దాచుకొన్నదియు, ఇరువది అడుగుల పొడవు గలదియు నగు నీ మృగము నిజముగా నున్నది, నమ్ముము అని భావము.

విశేషాంశములు

కొండ గుహల నుండు. ఈ జంతువులు ఊరి మధ్యలో ఉండవు. అలాగని ‘ఏడు సముద్రాల అవతల’ అని తప్పించుకోవడానికీ ఈ శాస్త్రం ఒప్పుకోదు. అడ్రసు ఇవ్వాలి, కానీ పిల్లవాడు ఆదివారం సైకిలు మీద పోయి చూసి రాగలిగే దూరంలో ఉండకూడదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ నుంచి ‘రాకాసిలోయ’ దాకా ఎన్నో సీరియళ్లలో ఎన్నెన్నో భయంకర ప్రాణుల్ని అడవుల్లో తిప్పాడు. ఏ అడవి అని ఎవరూ అడగలేదు, అది కథ కాబట్టి. ఈ పుస్తకాల్లో అక్షాంశాలు ఉంటాయి.

ఆ దూరపు కొండ ఎక్కడిది అన్నది ఎవరు రాస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. క్రీస్తుకు నాలుగు వందల ఏళ్ల ముందు పారసీక రాజు దగ్గర వైద్యం చేసిన క్టీసియస్ అనే గ్రీకువాడు ఇండియా గురించి ఒక పుస్తకం రాశాడు. ఇండియా రాలేదు. అయినా ఇక్కడి అడవి గాడిదలకు నుదుటి మీద ఒకే కొమ్ము ఉంటుందని రాశాడు. మనిషి మొహం, మూడు వరసల పళ్లు, ఎర్రటి ఒళ్లు, తోకలో ముళ్లు ఉండే మార్టికోరస్ అనే నరభక్షకి ఉంటుందని రాశాడు. ఇండియా నుంచి పారసీక రాజుకు కానుకగా వచ్చిన దాన్ని తన కళ్లతో చూశానని కూడా రాశాడు. అంటే యూరప్ పిల్లల డ్రాగన్ పుస్తకాలకు ముత్తాత లాంటి పుస్తకంలో కొండ గుహ మనమే! ఐదారు వందల ఏళ్ల తర్వాత పౌసానియస్ అనే మరో గ్రీకువాడు ఆ మార్టికోరస్‌కు టీక రాశాడు: అది పులి అయ్యుంటుంది, భయంతో చూసినవాళ్లు పళ్లూ ముళ్లూ ఎక్కువ చెప్పి ఉంటారు అన్నాడు. ఈ ఒక్క వాక్యానికి ఆయనకు వ్యాఖ్యాతల పంక్తిలో మొదటి విస్తరి వేయాలి. పులి ఏమిటో నల్లమల అంచున ఉండే మహానంది వాళ్లకు టీక లేకుండానే తెలుసు.

కొమ్ముల మృగము. ఇక్కడ బహువచనం ఎందుకు? ఒకటే కొమ్ము అయితే ‘కొమ్ము మృగ’మనాలి కదా అని వైయాకరణుల ఆక్షేపణ. కొమ్ము మీద గౌరవం కొద్దీ వాడినది గనుక దోషం లేదని సమాధానం.

కానీ ఈ చోట ఒక సాక్ష్యం వదలకూడదు. మహానందికి పడమరగా పోతే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. వాటిలో ఎముకలున్న సంగతి 1844లోనే న్యూబోల్డ్ అనే కెప్టెన్ రాశాడు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఆ గుహల నేల తవ్వించారు. దొరికిన ఎముకల్ని లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో వెలువరించిన గ్రంథంలో ఒక ఖడ్గమృగానికి అప్పటి మన జిల్లా పేరే పెట్టాడు: రినోసెరాస్ కర్నూలియెన్సిస్. సీమ గుహలో ఖడ్గమృగం! పద్యంలో మొదటి పాదం అక్షరాలా పాత కర్నూలు జిల్లాకు వర్తిస్తుంది. కొండ, గుహ, కొమ్ము, మృగం, నాలుగూ ఉన్నాయి. ఇప్పుడు బేతంచెర్ల పిల్లవాడికి రెండు పుస్తకాలిచ్చి చూడండి. ఒకదాంట్లో వేల్స్ కొండల్లో డ్రాగన్ ఉందని ఉంటుంది, ఇంకొకదాంట్లో మీ ఊరి గుహలో ఖడ్గమృగం ఉండేదని ఉంటుంది. వాడు రెండోదే కట్టుకథ అంటాడు. వాణ్ణి తప్పుపట్టలేం. డ్రాగన్‌కు రంగుల బొమ్మలున్నాయి, మన ఖడ్గమృగానికి నాకు తెలిసి ఒక్క బొమ్మల పుస్తకం లేదు.

మేక మేత. ఏ దేశపు రాక్షస జంతువైనా ఆ దేశపు కాపరి పోగొట్టుకునేదే తింటుంది. స్పష్టము.

రెక్క మేని చాటు. రెక్క అనగానే మహానంది వాసికి గరుడుడు గుర్తుకు రాకపోడు. నవనందుల్లో గరుడనంది మహానంది చెంతనే ఉంది. నాగనంది మాత్రం నంద్యాల ఊళ్లో ఉంది. తల్లి దాస్యం తీర్చడానికి బయల్దేరిన గరుడుడు ఒకచోట, ఆ గరుడుడి భయంతో నాగులు మరోచోట శివుణ్ణి కొలిచారని స్థలపురాణం. మధ్య దూరం పదిహేను కిలోమీటర్ల పైమాటే. వైరం ఉన్న రెండు జాతుల్ని పక్కపక్క గుళ్లలో పెట్టకుండా ఇంత ఎడంగా సర్దిన వారెవరో గానీ, ఆవాసాల విషయంలో డాక్టర్ డ్రేక్ కంటే తెలిసినవారు.

నిడివి యిరువదడుగు. పద్యానికి ప్రాణం ఇదే. ‘చాలా పెద్దది’ అంటే అబద్ధంలా ఉంటుంది. ‘ఇరవై అడుగులు’ అంటే ఎవడో టేపు పట్టుకుని దగ్గరికి వెళ్లి కొలిచి ప్రాణాలతో తిరిగొచ్చాడన్న మాట. అంకె ఎప్పుడూ తన వెంట ఒక సాక్షిని తెచ్చుకుంటుంది. ‘ఇరువదారడుగు’ అని పాఠాంతరం, గణం చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు. ఇరవై అడుగుల ఆరంగుళాలు అంటే ఇంకా నమ్మేవాళ్లు, కానీ ఆటవెలదిలో అంగుళాలకు చోటు లేదు.

లేనిదానికి కొలతలివ్వడం మనకు యూరప్ వాళ్లు నేర్పిన విద్యేం కాదు. మానసారం అనే శిల్పశాస్త్ర గ్రంథంలో హంస, గరుడ, వృషభ, సింహ లక్షణాలకు వరసగా నాలుగు అధ్యాయాలున్నాయి. గరుడుడి ముక్కు ఎంత, రెక్క ఎంత, వృషభం మూపురం ఎంత, అన్నీ భాగాలుగా విభజించి చెబుతుంది. ఇప్పటికీ ఆళ్లగడ్డ శిల్పులు నంది చెక్కాలంటే రాయి మీద ముందు గీతలు గీస్తారు, తర్వాతే ఉలి. గరుడుడు ఎలా ఉంటాడో ఎవరూ చూడలేదు. ఎలా ఉండాలో మాత్రం అంగుళాలతో సహా తెలుసు. మానసారం ‘గరుడుడు ఇంత ఉంటాడు’ అనదు, ‘ఇంత ఉండేట్టు చెయ్యి’ అంటుంది. దానికి ‘నిజము సుమ్ము’ అవసరం లేదు, రాయి చాలు.

రాయి చాలునన్నాను గానీ రాయికి కూడా కొలత కుదరడం కష్టమే. లేపాక్షి ఏకశిల నంది కదలకుండా అక్కడే ఉంది. ఒక పుస్తకం ఎత్తు 15 అడుగులంటుంది, ఇంకొకటి 20 అంటుంది. పొడవు ఒకచోట 27, మరొకచోట 30. ఎదురుగా కూర్చున్న నందికే ఈ గతి పడితే గుహలోని మృగానికి అడుగు తప్పినా తప్పు లేదు.

ఇక యాగంటి. బనగానపల్లె దగ్గరి యాగంటిలో బసవన్న పెరుగుతున్నాడన్నది సీమలో తెలియనివారు లేరు. ఇరవై ఏళ్లకొక అంగుళం అని అక్కడివారు చెప్పే లెక్క. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేయడానికి దారి ఉండేదనీ, ఇప్పుడు స్తంభానికీ నందికీ మధ్య మనిషి పట్టడనీ చూపిస్తారు. కలియుగాంతాన ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని పోతులూరి వీరబ్రహ్మం గారి కాలజ్ఞానం. టీకాకారుడికి అంకెలు దొరికితే చెయ్యి ఊరుకోదు. కలియుగం 4,32,000 ఏళ్లు. గడిచినవి ఐదువేల నూట చిల్లర. మిగిలిన కాలాన్ని ఇరవైతో భాగించి అంగుళాల్ని అడుగుల్లోకి మారిస్తే, రంకె వేసే నాటికి బసవన్న ఇప్పటి కంటే దాదాపు 1,780 అడుగులు పెరిగి ఉంటాడు. ఈ లెక్క యాగంటిలో ఎవరికైనా చెప్పి చూడండి. “అంతుంటాడు మరి” అంటారు. అంతకు మించి ఆ విషయంలో టీక సాగదు. ఎందుకు సాగదో కింద చెబుతాను.

నెత్తుటి దాహమ్ము. ఇది ప్రకాశకుల దాహం. నెత్తురు లేని ప్రాణిని అట్ట మీద వేస్తే పుస్తకం కదలదని వారి నమ్మకం.

నిజము సుమ్ము. ఇక్కడ పూర్వపక్షం రెండు ముఖాలతో వస్తుంది.

మొదటిది బడిపంతులు గారి పక్షం. లేనిది ఉందని పిల్లలకు చెప్పడం తప్పు, సైన్సు చదవాల్సిన వయసులో చర్మం ముక్కలు తడుముతూ కూర్చుంటారు అని. వినడానికి సబబుగానే ఉంది. కానీ పంతులు గారు ఆ పుస్తకం అట్ట తిప్పి చూడలేదు. ఆవాసం, ఆహారం, నిడివి, సంతానం, శత్రువులు అనే వరస ఎక్కడిది? ఆయన చెప్పే జంతుశాస్త్రానిదే. పిల్లవాడు డ్రాగన్ పేరుతో ఆ వరసంతా కంఠస్థం చేశాడు. రేపు కప్ప గురించి అడిగితే అదే వరసలో చెబుతాడు. అసలు వేషం డ్రాగన్ వేసుకుందా, జంతుశాస్త్రం వేసుకుందా అన్నది పంతులు గారే తేల్చుకోవాలి.

పరీక్ష కోసం మూడు ఎంట్రీలు రాస్తాను. ఏది ఉందో ఏది లేదో చెప్పండి.

ఒకటి. ఒంటి నిండా లోహం లాంటి నీలం మెరుపు. ఎనిమిది కాళ్లు చాపితే అరచేతిని మించుతుంది. పాత చెట్ల తొర్రల్లో కాపురం. నివాసం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి.

రెండు. రాత్రిపూట ముళ్లపొదల మధ్య నేల మీద పరిగెత్తే పక్షి. పగలు పొద కింద కదలకుండా ఉంటుంది. నివాసం కడప జిల్లా లంకమల. 1900 నుంచి ఎనభై ఆరేళ్లు ఏ పండితుడికీ కనబడలేదు.

మూడు. మనిషి తల, పక్షి ఒళ్లు. పాడుతుంది. నివాసం గుళ్ల గోడల మీది శిల్పాలు.

పట్నం చదువులవారు మొదటిది డ్రాగన్ పుస్తకంలోదని కొట్టిపారేస్తారు. దాని పేరు పీసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి దాన్ని వర్ణించాడు. అది గుత్తిది కాదు, దుంగల్లో కూర్చుని రైల్లో వచ్చి ఉంటుంది. తర్వాత నూట రెండేళ్లు ఎవరికీ కనబడలేదు. పుస్తకంలో మాత్రం ఉంది, కొలతలతో సహా. 2001లో నల్లమల వైపు, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. మహానంది కొండ వెనక పక్క అనుకోండి. నూట రెండేళ్లు దాని స్థితికీ డ్రాగన్ స్థితికీ తేడా ఏముంది? రెండింటికీ ఉన్నవి ఒక పుస్తకం, ఒక వర్ణన, ఒక తప్పు అడ్రసు.

రెండోది కలివికోడి. జెర్డాన్ అనే దొర పేరు మీద ఇంగ్లిషు పుస్తకాల్లో 1848లోనే ఎక్కింది. 1900 తర్వాత లేదన్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు పల్లె వేటగాడి సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు మళ్లీ దొరికింది. లంకమలలో దానికోసం అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. పండితులకు కనబడకుండా పోయిన అన్నేళ్లూ అది ఉన్న ఊళ్లలో దానికి పేరుంది. మూడోది కిన్నెర. అది లేదు. మూడింట్లో అన్నిటికంటే ఎక్కువ మంది తెలుగువాళ్లకు తెలిసినది మాత్రం అదే.

రెండో పూర్వపక్షం భక్తుల నుంచి వస్తుంది. అలాగైతే మా స్థలపురాణం కూడా ఈ జాతిదేనా అని కోపం. మహానందీశ్వరుడి లింగం అన్ని లింగాల్లా నిటారుగా ఉండదు. పుట్ట మీద పాలు విడుస్తున్న ఆవు రాజును చూసి బెదిరి పుట్టను తొక్కిందనీ, ఆ గిట్ట గుర్తు లింగం మీద నిలిచిందనీ చెబుతారు. డ్రాగన్ పుస్తకంలోనూ అడుగు గుర్తు ఉంటుంది, ఇక్కడా గిట్ట గుర్తు ఉంది, కాబట్టి రెండూ ఒకటే అని తర్కించేవారు ఉన్నారు. వారు పద్యం నాలుగో పాదం చదవలేదు. స్థలపురాణం ‘నిజము సుమ్ము’ అని ఎక్కడా ఒట్టు పెట్టదు. నమ్మేవాడికి ఒట్టు అక్కరలేదు, నమ్మనివాడు కోనేట్లో మునిగి అడుగున పడ్డ పైసాను స్పష్టంగా చూసి, అరటిపళ్లు కొనుక్కుని ఇంటికి పోతాడు. ‘నిజము సుమ్ము’ అనేది ఒక్కచోటే వాడతారు. చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ అది నిజం కాదని తెలిసి, ఆ సంగతి ఇద్దరూ పైకి చెప్పకూడదని ఒప్పందం కుదిరినచోట.

ఈ ఒప్పందాన్ని మహానంది తిరునాళ్లలో ఒక మనవడు వాళ్ల జేజికి విప్పి చెబుతుంటే విన్నాను. ఆమె పుస్తకం తిరగేసి భయపడింది.

“యాడుంటాది నాయనా ఇది? మన పక్క లేదు గదా?”

“యాడా లేదు జేజీ. ఉత్తదే.”

“ఉత్తదైతే ఇన్ని అడుగులని ఎట్ల రాసినారు?”

“ఉండాదని అనుకొని సదవాల. లేదంటే బాగుండదు.”

జేజి ఒప్పుకోలేదు. ఉత్తదానికి నూటయాభై రూపాయలేంటని బేరం మొదలుపెట్టింది. వాడు మాత్రం రెండు ముక్కల్లో సిద్ధాంతం తేల్చేశాడు. అంకెకు పడిపోయింది జేజి, వాడు కాదు. ఫోనుకు వచ్చిన బొమ్మలో నాలుగు అంకెలు, ఒక తేదీ ఉంటే చాలు, వెంటనే పదిమందికి పంపేది మన వయసువాళ్లే. ఆ పుస్తకాల వల్ల చెడిపోతారని మనం భయపడే పిల్లలు అంకె చూడగానే “ఉత్తదేనా?” అని ముందు అడుగుతున్నారు.

ఇక అన్నిటికంటే పెద్ద శంక. గుళ్లనిండా ఇన్ని వింత ప్రాణులు పెట్టుకున్న తెలుగువాళ్లు తమ పిల్లలకు వేల్స్ డ్రాగన్‌ని ఎందుకు కొనిస్తున్నారు? యాళి ఉంది, మకరం ఉంది, గండభేరుండం ఉంది, శరభం ఉంది. (శరభం ప్రసక్తి అహోబిలం దారిలో ఎత్తకపోవడం మంచిది. నరసింహుడితో దానికున్న పాత తగాదా మీద శైవులకూ వైష్ణవులకూ ఇంకా ఏకాభిప్రాయం లేదు.) కారణం పైన యాగంటి దగ్గర టీక ఆపిన చోటే ఉంది. డ్రాగన్‌కు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. అందుకే దాని పొట్ట కోసి బొమ్మ గీసినా ఎవరి మనసూ నొచ్చుకోదు. మన ప్రాణుల్లో సగం పూజలో ఉన్నాయి. బసవన్న పెరుగుదల మీద గ్రాఫు గీస్తే అది ఆట కాదు, వివాదం. ఆట ఆడాలంటే ఇద్దరూ నమ్మని జంతువు కావాలి.

ఆ లెక్కన యాళి సరిగ్గా సరిపోతుంది. దాన్ని ఎవరూ పూజించరు. విజయనగర కాలపు మండపాల్లో చాలాచోట్ల స్తంభం స్తంభానికీ అదే కాపలా. అయినా నాకు తెలిసి ఇలాంటి ఒక తెలుగు పుస్తకంలో దానికి ఒక పేజీ దొరకలేదు. నమూనాకు నేనే రాసిస్తున్నాను, ఎవరైనా వాడుకోవచ్చు, కర్తగా ఏ పందొమ్మిదో శతాబ్దపు పండితుణ్ణి పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

యాళి. ఒళ్లు సింహానిది, కోరలు ఎవరివో తెలియదు. కొన్నింటికి ఏనుగు తొండం అదనం. ఎప్పుడూ వెనక కాళ్ల మీద లేచే ఉంటుంది, కూర్చోగా చూసినవారు అరుదు. తరచు వీపు మీద ఒక రౌతు, కాళ్ల కింద ఒక ఏనుగు. రౌతు దాన్ని స్వారీ చేస్తున్నాడో, దిగే దారి తెలియక పట్టుకుని వేలాడుతున్నాడో పండితులు తేల్చలేదు. కొన్ని గుళ్లలో నోట్లో రాతి బంతి ఉంటుంది, వేలితో తిప్పితే తిరుగుతుంది, బయటికి రాదు. వందల ఏళ్లుగా మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. ఆవాసం రాయి. ఆహారం నీడ. సహజ శత్రువులు రెండు: గుడి బాగుచేస్తామని వచ్చే రంగు బకెట్టు, మేకుతో పేర్లు చెక్కే ప్రేమికులు. ఎదురుపడితే పరిగెత్తనక్కరలేదు, తల పైకెత్తాలి, అంతే. పక్కనే నిలబడి ఫోన్లో డ్రాగన్ ఆట ఆడేవారి జోలికి అది పోదు.

ఇది చదివి ఒక పిల్లవాడు స్తంభం దగ్గర ఆగి, దాని కాళ్ల కింద ఏనుగు ఉందో లేదో వంగి చూస్తే టీకాకారుడికి ముట్టవలసింది ముట్టినట్టే.

తప్పొప్పుల పట్టిక

మొదటి పాదంలో ‘కొమ్ముల’ అన్నచోట బేతంచెర్ల పాఠకులు ఏకవచనంగా దిద్దుకోవాలి. గణం చెడితే లిడెక్కర్‌ది పూచీ. అదే పాదంలో ‘గుహల’ అన్నచోట గిద్దలూరు వైపు ప్రయాణించేవారు ‘తొర్రల’ అనీ, 1899 నాటి ప్రతి చదివేవారు ‘గుత్తి కలప డిపోలో’ అనీ చదువుకోవాలి. రెండో పాదంలోని ‘మేక మేత’ కలివికోడికి వర్తించదు. మూడో పాదంలోని కొలతకు యాగంటి వాస్తవ్యులు ఇరవై ఏళ్లకొకసారి అంగుళం కలుపుకుంటూ పోవాలి. నాలుగో పాదంలో తప్పులేవీ కనబడలేదు.